తలుపుకి అడ్డంగా నిలబడ్డ పెద్దాయన

"తప్పుకోండి! అర్జెంటు!"

బస్సు డ్రైవరు నిలబడ్డచోటే గెంతుతున్నాడు.

ఆసుపత్రి టాయ్‌లెట్ తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని నిలబడ్డ పెద్దాయన మాత్రం కదల్లేదు.

"యూరిన్ టెస్టుకేనా వచ్చింది?"

"అవును. అయితే మీకేంటి?"

"ఇక్కడే పోసేస్తే లోపల మిషన్‌కి ఏం చూపిస్తావు బాబూ? ఇంకో పది నిమిషాలు బిగబట్టు."

"టాయ్‌లెట్ మీ తాతగారిదా?"

"బస్సులో అరిచినట్టు ఇక్కడ అరవకండి," అంటూ భార్య చొక్కా పట్టి లాగింది.

హాలంతా తలెత్తి చూసింది. నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చున్న మగవాళ్లందరిదీ అదే బాధ. అందుకని ఎవరూ నవ్వే సాహసం చెయ్యలేదు.

డ్రైవరుది రెండేళ్ల అవస్థ. అరగంటకోసారి బస్సాపాలి. తీరా దిగి నిలబడితే రాదు. మళ్లీ ఎక్కి కూర్చుంటే వచ్చినట్టే ఉంటుంది. ప్రయాణికులు ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశారు. తొందరగా నయం చేసుకోకపోతే స్టీరింగు వదిలెయ్యాల్సిందేనని డిపోలో తేల్చి చెప్పేశారు.

డాక్టర్లు చెప్పిన ఆపరేషన్ పనిచేస్తుందో లేదో ముందు టెస్టు చేసి చూడాలి. ఆ టెస్టంటే మూత్రం వచ్చే దారిలోంచి లోపలికి ట్యూబు పెట్టేది. ఆ మాట వినగానే మన వీరుడు రెండుసార్లు ఆసుపత్రి నుంచి పారిపోయాడు. ఇప్పుడు ట్యూబు లేని మిషన్ వచ్చిందంటే భార్య లాక్కొచ్చింది.

"లోపల బలవంతంగా ముక్కకు, మిషన్ కనిపెట్టేస్తుంది," పెద్దాయన వదల్లేదు. "ఇంట్లో నిలబడ్డట్టే నిలబడు. మధ్యలో ధార ఆగుతుంది. కంగారుపడకు, ఆపేది మిషనే."

"మీరేమన్నా డాక్టరా? పనీపాటా లేకపోతే ఇంటికెళ్లి పడుకోండి!"

పెద్దాయన నవ్వాడు. తలుపు దగ్గర్నించి మాత్రం జరగలేదు.

ఈలోపు లోపల్నుంచి పిలుపొచ్చింది.

మేల్ నర్సు బీపీ చూసే పట్టీలాంటిదే, బుల్లిది, కట్టాల్సినచోట కట్టి బయటికెళ్లాడు. డ్రైవరు మిషన్‌కి తగిలించిన గరాటు ముందు నిలబడ్డాడు. ముందు ఏమీ లేదు. తర్వాత మొదలైంది.

పట్టీ బిగిసింది. ధార ఠక్కున ఆగింది!

పట్టీ పీకెయ్యబోయాడు. అంతలో పెద్దాయన మాట గుర్తొచ్చింది. ఊపిరి వదిలాడు. పట్టీ వదులైంది, ధార మళ్లీ వచ్చింది. ఆగడం, రావడం, ఆగడం, రావడం. తెర మీద గీత ఎక్కుతోంది, దిగుతోంది.

మిషన్ ఇచ్చిన కాగితం చూడగానే డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"బ్రహ్మాండం! బ్లాడర్‌లో బలం బోలెడుంది. ప్రోస్టేట్ పెరిగి దారికి అడ్డం పడిందంతే. ఆపరేషన్ చేస్తే హాయిగా ఉంటారు."

"బస్సు నడపొచ్చా అమ్మా?"

"కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని నడపండి!"

"మరి ట్యూబు టెస్టు?"

"ఇంత స్పష్టంగా తెలిశాక ఇంకా ట్యూబెందుకు?"

డ్రైవరుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. భార్య ఏడుస్తూనే నవ్వేసింది. ఇద్దరూ హాల్లోకి పరిగెత్తారు.

తలుపు దగ్గర ఎవరూ లేరు.

"ఆ పెద్దాయనేరీ? నోటికొచ్చినట్టు తిట్టాను. కాళ్లకి దండం పెట్టాలి."

"వెళ్లిపోయారన్నా," అన్నాడు మేల్ నర్సు. "రోజూ వచ్చేవారు, ఇవాళే ఆఖరు. కూతురి దగ్గరికి వేరే ఊరెళ్లిపోతున్నారు."

"ఇక్కడ పనిచేసేవారా?"

"లేదు, పేషెంటే. ఆయనకి బ్లాడరే నీరసించిపోయింది. ఆపరేషన్ చేసినా లాభం లేదు."

"మరి రోజూ ఎందుకొస్తారు?"

"ఆ మిషన్ ఒక్కరికి కూడా వృథా కాకూడదని."

"అంటే, మిషన్ ఆయన కొనిచ్చారా?"

మేల్ నర్సు గొంతు తగ్గింది.

"కొనడం కాదన్నా. మిషన్ కొత్తగా వచ్చినప్పుడు, పట్టీ చెప్పేది నిజమో కాదో తేలాలంటే ఒకే మనిషికి పట్టీ, ట్యూబు రెండూ పెట్టి పోల్చి చూడాలి. అందరూ పారిపోతుంటే, తనకేమీ ఒరగదని తెలిసి కూడా తొమ్మిదిసార్లు ట్యూబు పెట్టించుకున్నది ఆయనే."