పెద్దమ్మ మాట పడిపోయింది

“సార్, పెద్దమ్మ మాట్లాడ్తలేదు!”

భానుప్రకాశ్ అరుపుకు ల్యాబ్ ఇన్‌చార్జ్ రత్నాకర్ పరుగెత్తుకొచ్చాడు.

భానులాంటి చూపులేని విద్యార్థులకు కంప్యూటర్‌లోని తెలుగు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. అందులోని ఆడగొంతుకు క్యాంపస్ పిల్లలు పెట్టుకున్న పేరు పెద్దమ్మ. ఎంత పొడుగు వాక్యమైనా తడబడదు. వేరే యూనివర్సిటీ వాళ్లొస్తే చాలు, “మా పెద్దమ్మను వినుండ్రి” అని కాలరెగరేసేవాళ్లు.

“నిన్న అన్నిట్ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఏసిన్రు,” రత్నాకర్ తల గోక్కున్నాడు. “దాంతోని ఈ సాఫ్ట్‌వేర్ పడ్తలేదు.”

“మల్ల పాతదే ఏయుండ్రి.”

“కుదరదట. దానికి ఇగ సెక్యూరిటీ లేదట.”

భానుకు లెక్చరర్ ఉద్యోగ పరీక్ష నెలరోజుల్లో ఉంది. నోట్సంతా పాత ఫాంటులో ఉంది. దాన్ని పెద్దమ్మ తప్ప ఇంకే సాఫ్ట్‌వేరూ చదవలేదు.

ఫోన్లు మొదలయ్యాయి.

“సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లే మార్చుకోవాలండీ,” అన్నారు సిస్టమ్ కంపెనీవాళ్లు.

“మా ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది. సిస్టమ్ మార్చినవాళ్లనే అడగండి,” అన్నారు తార్నాకలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసువాళ్లు.

“మేం కొన్నాం గానీ చెయ్యలేదు కదా!” అన్నారు క్యాంపస్ ఆఫీసులో.

అందరూ మర్యాదస్తులే. అందరూ సారీ చెప్పారు. పని మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు.

“అంటే ఎవ్వరిదీ కాదా సార్?” అడిగాడు భాను.

వెనక మూల కుర్చీ కిర్రుమంది. గొడుగు గోడకు ఆనించిన చప్పుడు. ఆ మనిషి అప్పుడప్పుడూ వస్తుంటుంది, కాసేపు కూర్చుని పలకకుండానే పోతుంది.

“ఎవరది?”

ఈల వేసినట్టు ఊపిరి మాత్రం వినిపించింది.

“అడుగుతున్న గదా! గొంతు లేదా మీకు?”

కుర్చీ జరిగింది. గొడుగు టకటకమంటూ తలుపు దాటింది.

“గట్లనొద్దు భానూ,” అంటూ రత్నాకర్ ఆమె వెనకే వెళ్లాడు. తిరిగొచ్చి మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

వారం గడిచింది. భాను పరీక్ష మీద ఆశ వదులుకుంటున్న రోజుల్లో రత్నాకర్ పిలిచాడు.

“గీడ కూసో. మీట నొక్కు.”

నొక్కాడు.

పెద్దమ్మ చదవడం మొదలుపెట్టింది! అదే నిదానం, అదే స్పష్టత. భాను ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు.

“ఆఖరికి ఎవరు ఒప్పుకున్నరు సార్?”

“సాఫ్ట్‌వేరోళ్లే జేసిన్రు. చేయించింది మాత్రం ఈ అమ్మ. రోజూ పొద్దుగాల్నే తార్నాక పోయి ఆళ్ల ఆఫీసుల కూసున్నది. పని షురూ చేసేదాంక లేవలే.”

పక్కనే గొడుగు చప్పుడు. అదే ఊపిరి.

భాను ఆ చప్పుడు వైపు తిరిగి చేతులు జోడించాడు.

“అమ్మా, మొన్న నోరు జారిన. మాఫ్ చేయుండ్రి. కానీ ఇది మీ పని కాదు గదా, మీకెందుకింత తిప్పలు?”

కీబోర్డు మీద ఆమె వేళ్లు మెల్లగా కదిలాయి.

స్పీకర్‌లోంచి పెద్దమ్మ మాట్లాడింది. అది భాను నోట్సులోది కాదు.

“నేను సుగుణమ్మని బాబూ. లాలాపేట్ బడిలో పంతులమ్మగా చేశాను. మొన్న గొంతు లేదా అని అడిగావుగా, ఉంది. ఆపరేషన్‌లో డాక్టర్లు తీసేయక ముందే దాన్ని ఈ సాఫ్ట్‌వేర్ కోసం రికార్డు చేయించి మీకిచ్చేశాను. ఈ మూల కూర్చుని, అది మీకు చదివిపెడుతుంటే వింటాను చూడూ, ఎంత గర్వమో నాకు! నా గొంతు మూగబోతే, పూచీ నాది కాక ఇంకెవరిది?”