నాలుగింటి పొగ

"ఈ పొయ్యి ఇక వెలిగించకండమ్మా."

పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి తలెత్తకుండానే ఆ మాట అన్నాడు.

వెర్నా చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది.

అతని పేరు డెల్బర్ట్. ఇళ్ళలో పొగగొట్టాలు పరీక్షించి, నిప్పు భయం లేదని కాగితం రాసిచ్చే మనిషి. ఆ కాగితం లేనిదే బీమా వాళ్ళు ఊరుకోరు. అతనుండేది నలభై కిలోమీటర్ల అవతల, షెల్బర్న్ వైపు. అయినా ఏటా అక్టోబరులో, పిలవకముందే వచ్చేవాడు. నిచ్చెన వేసుకుని కప్పెక్కి, మసి దులిపి, కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఐదేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు యాభై దాటవు.

"ఎందుకు వెలిగించకూడదు?"

గొట్టంలోకి పంపిన కెమెరా తెరను అతను ఆమెవైపు తిప్పాడు. లోపలి మట్టి పెంకుల్లో జానెడు పగులు.

"ఇందులోంచి వేడి వెళ్ళి గోడలో చెక్కకు తగులుతోంది. అంటుకుందంటే మీరు మేడ దిగేలోపు ఇల్లుండదు."

"కరెంటు హీటరు పెట్టుకోమంటావు. అంతేనా?"

"ఉంది కదమ్మా."

"నువ్వెప్పుడైనా సముద్రం మీదికి వెళ్ళావుటయ్యా?"

డెల్బర్ట్ కింద పరిచిన గుడ్డ మడతపెట్టుకుంటున్నాడు.

"వెళ్ళుంటే తెలిసేది. హీటరు ముందు కూర్చుని ఎవడైనా మేజోళ్ళు ఆరబెట్టుకుంటాడా?"

అతను పొయ్యి తలుపుకు ఎర్ర చీటీ అంటించి వెళ్ళిపోయాడు.

పన్నెండేళ్ళుగా వెర్నా ఒక్కరోజు తప్పలేదు. మూడున్నరకు కట్టెలు పేర్చేది. నాలుగింటికల్లా పొగ లేచేది. రేవులోకి పడవలు తిరిగొచ్చే వేళ అది. ఆమె భర్త బర్టన్ రేవు మలుపులో ఆ పొగ కనబడగానే ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చేవాడు.

పన్నెండేళ్ళ కిందట నవంబరు ఆఖరి సోమవారం, లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టే సీజను మొదటిరోజు, అతనెక్కిన పడవ తిరిగి రాలేదు. ముగ్గురు మునిగారు. ఇద్దరు దొరికారు. బర్టన్ దొరకలేదు.

దొరకని మనిషి కోసం వెలిగించిన పొయ్యి ఎప్పుడు ఆర్పాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు చీటీ పీకేసి, నాలుగింటికి మంట పెట్టింది.

ఐదు నిమిషాల్లో డెల్బర్ట్ ట్రక్కు వాకిట్లో ఆగింది.

"ఆర్పండమ్మా."

"నా ఇంటికి కాపలా కాస్తున్నావా?"

"అవును. పొద్దుటి నుంచీ."

ఆమె పొయ్యి ముందు నుంచి కదల్లేదు. అతనే పట్టకారుతో నిప్పులన్నీ ఇనుప డబ్బాలోకి ఎత్తి బయట పెట్టాడు.

మరునాడు చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే అతను కప్పు మీదున్నాడు. పొడవాటి స్టీలు గొట్టాన్ని పాతదాని లోపలికి దించుతున్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

"నేను పని చెప్పలేదే" అంది వెర్నా కింది నుంచి.

"తెలుసమ్మా. కాస్త ఆ నిచ్చెన పట్టుకోండి."

పట్టుకుంది.

మూడు రోజులు పట్టింది. మూడో రోజు నాలుగింటికి అతనే అగ్గిపుల్ల గీశాడు. పొగ సూటిగా పైకి లేచింది.

వెర్నా టీ పోసి, పొయ్యి ముందున్న కుర్చీ చూపించింది. ఇన్నేళ్ళలో అందులో ఎవరినీ కూర్చోమనలేదు.

"బర్టన్ కుర్చీ. పరవాలేదు, కూర్చో."

డెల్బర్ట్ కూర్చోలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అందులో చేరి, కాళ్ళు మంటవైపు చాపేవాడు. ఇల్లంతా తడి మేజోళ్ళ కంపు. తిట్టేదాన్ని. ఇప్పుడు ఆ కంపు ఒక్కసారి తగిలితే చాలనిపిస్తుందయ్యా."

డెల్బర్ట్ టీ సగంలో వదిలేసి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

మొరటు మనిషి, అనుకుంది వెర్నా.

అయినా మరుసటి అక్టోబరు ఒకటో తారీఖు నుంచే వీధివైపు చెవి పెట్టుకుని కూర్చుంది. మొలాసిస్ పాకం వేసి బిస్కెట్లు చేసి డబ్బాలో పెట్టింది. ఏ ట్రక్కు చప్పుడైనా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఎదురుచూడటం ఆమెకు అలవాటే. వస్తాడని తెలిసిన మనిషి కోసం ఎదురుచూసి మాత్రం చాలా ఏళ్ళయింది.

ఇరవయ్యో తారీఖున ఆ ట్రక్కు వచ్చింది. దిగింది ముప్పై ఏళ్ళ అమ్మాయి.

"నేను డెల్బర్ట్ కూతుర్నండీ, నా పేరు లీటా. నాన్న మార్చిలో పోయాడు. ఊపిరితిత్తులు."

వెర్నా గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

అమ్మాయి కప్పెక్కింది. గొట్టమంతా చూసి, దిగి, కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏటా మొదట మీ ఇల్లే చూడమని మాట తీసుకున్నాడు."

"నా ఇల్లేమిటి? టీ కూడా పూర్తిగా తాగలేదు నా దగ్గర. అతనికి నేనేమవుతానని?"

లీటా తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మీకు చెప్పొద్దన్నాడు. దాచడం నావల్ల కాదు, వెర్నా గారూ. నాన్న మొదట పడవల మీద పనిచేసేవాడు. పడవ మునిగిన ఆ సోమవారం తెల్లవారుజామున జ్వరంతో ఒళ్ళు కాలిపోతోందని, రాలేనని కెప్టెన్‌కి కబురు చేశాడు. నాన్న బదులు ఆ పడవెక్కింది మీ ఆయన."