నాలుగు వాసనలు

భార్య చేతిసంచీలో హెబ్రోనుకు నాలుగు చిన్న సీసాలు దొరికాయి. ఒకదాని మూత తీశాడు. గులాబీ అత్తరు వాసన గుప్పుమంది.

నవోమి అత్తరు పూసుకోదు. పెళ్ళయిన ఐదేళ్ళలో పౌడరు డబ్బా తప్ప ఏదీ అడిగి ఎరగదు.

సీసాను ఉన్నచోటే పెట్టేసి వాకిట్లోకి వచ్చాడు. ఆమె డ్యూటీకి తయారై జడ వేసుకుంటోంది. ఊళ్ళోని ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు.

"ఈ పొద్దు తొందరగా వస్తావా?"

"లేటవుద్ది. క్రీస్తురాజు వస్తాడు. ముక్కు కడగాల."

ఆ పేరు వింటేనే హెబ్రోనుకు కడుపులో మంట.

నవోమి పెళ్ళి ఒకప్పుడు క్రీస్తురాజుతోనే జరగాల్సింది. చర్చిలో పెళ్ళి ప్రకటన కూడా చదివారు. అతను చెన్నైలో ఒక మ్యూజిక్ ట్రూపులో కీబోర్డు వాయించేవాడు. అక్కడ మత్తుపొడి పీల్చడం మరిగాడు. వారానికి రెండుసార్లు వ్యానులో చెన్నైకి రొయ్యలు తోలే హెబ్రోనే ఆ సంగతి కళ్ళారా చూసి వచ్చి చెప్పాడు. పిల్ల తండ్రి అబ్రహాము ఆ సంబంధం వదులుకున్నాడు. ఏడాది తిరిగాక నవోమిని హెబ్రోనుకే ఇచ్చి చేశాడు.

మూడు నెలల కిందట క్రీస్తురాజు ఊరికి తిరిగొచ్చాడు. మత్తు మాన్పించే కేంద్రంలో చేరి పొడి మానేశాడు. ముక్కు మాత్రం అప్పటికే పాడైపోయింది. రెండు రంధ్రాల మధ్య ఉండే అడ్డుగోడకు చిల్లు పడింది. పైన దూలం కుంగిపోయింది. గాలి పీలిస్తే సన్నగా ఈల వినిపిస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే నెత్తురు కారుతుంది. వాసన అన్నది తెలియదు. పడవల దగ్గర ఎండుచేపల కుప్ప పక్కనే కూర్చుని టీ తాగుతాడు.

ఊరంతా అతన్ని చూసి అయ్యో అంది. హెబ్రోను అనలేదు. కుంగిన ముక్కుతో కూడా వాడు తనకంటే అందంగానే ఉన్నాడనిపించేది.

ఆ రోజు వ్యానును ఐసు ఫ్యాక్టరీ దగ్గర వదిలేసి, ఆస్పత్రికి నడిచాడు. పక్క కిటికీలోంచి లోపలికి చూశాడు.

క్రీస్తురాజు కళ్ళు మూసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నవోమి ఒక సీసా మూత తీసి అతని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. ఆమె వేళ్ళకూ అతని మీసానికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

"తెలస్తుండాదా?"

"లేదు."

"తొందరపడబాక. ఇంకోసారి పీల్చు. మీ అమ్మ పలావులో వేసుద్ది, గుర్తు తెచ్చుకో."

ఈల సన్నగా వినిపించింది. చాలాసేపటికి అతను, "లవంగమా?" అన్నాడు.

నవోమి ముఖం విప్పారింది. తన వంక చూసి ఆమె అలా నవ్వింది ఎప్పుడో హెబ్రోను గుర్తు చేసుకోబోయాడు. ఒక్కసారీ గుర్తు రాలేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఏంది ఇదంతా?"

నవోమి ఉలిక్కిపడలేదు. అది అతనికి ఇంకా కష్టంగా తోచింది.

"నెల్లూరు డాక్టరు చెప్పినాడు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. పొద్దునా సాయంత్రం వాసన చూపిస్తా ఉంటే కొంతమందికి మళ్ళీ తెలుస్తుందంట."

"నువ్వే చూపించాల్నా? వాళ్ళింట్లో ఎవురూ లేరా?"

"వాళ్ళమ్మకు కళ్ళు సరిగ్గా ఆనవు. ఇంకెవురుండారు?"

క్రీస్తురాజు లేచి నిలబడ్డాడు. "అన్న చెప్పింది సబబే, వదినా. రేపట్నించి నేనే చూసుకుంటా."

‘వదినా’ అనే ముందు అతను ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం హెబ్రోను గుండెలో ముల్లులా దిగింది.

"నువ్వు కూర్చో," అంది నవోమి. మొగుడి వైపు తిరిగింది. "మూడు నెల్ల నుంచి చూస్తుండా మీ వాలకం. ఒక్కరోజన్నా వాళ్ళింటికి పోలా. దోవలో కనబడితే తల తిప్పుకుంటారు. మొన్న చర్చిలో ఆయన పక్కన చోటుంటే గోడకి ఆనుకోని నిలబడినారు. ఎందుకండీ అంత కుళ్ళు? ఈయన దగ్గర నేనేం పోగొట్టుకున్నానని మళ్ళీ ఎతుక్కుంటా?"

హెబ్రోను నుదురు తుడుచుకున్నాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు తగ్గించి క్రీస్తురాజును అడిగింది.

"ఇన్నాళ్ళూ అడగలేదు. ఈ పొద్దు అడుగుతుండా. సిగరెట్టు కూడా ముట్టని మనిషివి. ఆ పాడు పొడి నీకు మొదట అలవాటు చేసింది ఎవురు?"

ఈల ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైంది. క్రీస్తురాజు ముక్కు నుంచి ఒక నెత్తుటి చుక్క జారి చొక్కా మీద పడింది. తుడుచుకోలేదు. నవోమిని చూశాడు. ఆమె వెనకాల నిలబడ్డ హెబ్రోనును చూశాడు.

"ఎవుడో, ట్రూపులో వాడులే. పేరు కూడా గుర్తులేదు."

"పేరు తెలియని వాడి మాట విని బతుకు పాడు చేసుకున్నావా?" అంటూ ఆమె దూది అందుకుంది. తర్వాత మొగుడి వంక చూసి, "విన్నారు కదా. ఇంకా ఈ మనిషి మీద కుళ్ళుకుంటారా?" అంది.

హెబ్రోను తల దించుకున్నాడు.

ఆరేళ్ళ కిందట, చర్చిలో పెళ్ళి ప్రకటన చదివిన వారంలోనే, రొయ్యల లోడు దించి నేరుగా క్రీస్తురాజు గదికి వెళ్ళి, "పెళ్ళికొడుకువి, ఒక్కసారి పీల్చి చూడు తమ్ముడూ" అంటూ అతనికి మొదటి పొట్లం విప్పి ఇచ్చింది హెబ్రోనే.