బైరాగి ఆక్సిజన్

భవానీపూర్‌లో ఒక నర్సింగ్ హోమ్. ఆ రాత్రి డ్యూటీ నర్సు సమీరది. ఓడల డాకులో బొగ్గు మోసి మోసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న పేషెంట్ బైరాగి అంటే ఆమెకు చిరాకు. అతనికి ఆక్సిజన్ ఎక్కువిస్తే లోపలి చెడుగాలి బయటికి పోదు. రక్తంలో ఆమ్లం పెరిగి మత్తు కమ్మేస్తుంది. అయినా ఎవరో సిలిండర్ నాబ్ తిప్పి పెంచేస్తూనే ఉన్నారు.

"మళ్లీ పెంచావా? మీ మొద్దు బుర్రలకు చెబితే ఎక్కదా?" అని అతని భార్య జగ్గమ్మ మీద విరుచుకుపడింది.

"నానేటీ ముట్నేదమ్మా."

"నోరు తెరిస్తే అబద్ధమే!"

ఆమెను వరండాలోకి పంపేసి సమీర గడియ పెట్టింది. ఆక్సిజన్ తగ్గించింది. సిలిండర్ చప్పుడు వినబడకుండా పోయింది.

కుర్చీలో కూర్చుందో లేదో, సుయ్యిమనే చప్పుడు మళ్లీ మొదలై, మెల్లగా పెరిగింది.

బైరాగి రెప్పలు వాలిపోతున్నాయి. "సాలని ఆ నాబ్ కాడున్న ఆయమ్మకి సెప్పండి, సిస్టరూ," అని గొణిగాడు.

"ఏ అమ్మకయ్యా? ఇక్కడ ఎవరున్నారు?" అంటూ సమీర విసురుగా వెళ్లి నాబ్ పట్టుకుంది.

దాని మీద అప్పటికే ఎవరివో వేళ్లున్నాయి. కంటికి కనబడవు. చల్లగా, తడిగా తగులుతున్నాయి. ఆమె తగ్గించబోతే అవి పెంచుతున్నాయి. జగ్గమ్మను కేకేసింది, కానీ తలుపుకు గడియ తనే పెట్టింది.

బైరాగి ఊపిరి ఆగిపోయింది.

ఆ వేళ్లు మొద్దు బుర్రను చీదరించుకున్నట్టు సమీర చేతిని పక్కకు తోసేశాయి.