పోలిష్‌కీ పష్తోకీ మధ్య

"ఇప్పుడే తుడిచి వెళ్ళారు పెద్దాయనా! ఆ బూట్లు బయటే దులుపుకుని రావచ్చుగా!"

సరిహద్దు కచేరీలో గాజు కిటికీ వెనక కూర్చునే గుమాస్తా గ్రజీనా అరిచింది.

ముసలాయన వెనక్కి వెళ్ళి, మెట్ల మీద అడవి బురద దులుపుకుని మళ్ళీ వచ్చాడు. చంకలో ఒక నోటుబుక్కు ఉంది.

"లోపల పష్తో మాట్లాడే ఆఫ్ఘన్ కుర్రాడు ఉన్నాడటగా. ఐదు నిమిషాలు మాట్లాడాలమ్మా."

"మీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"మీరు వకీలా?"

"కాదు."

"దుబాసీయా? గవర్నమెంటు ముద్ర ఉందా?"

"లేదు. నేను మన పోలిష్‌నీ వాళ్ళ పష్తోనీ పోల్చి చూస్తున్నాను. కొన్ని అనుమానాలున్నాయి. అడిగి వెళ్ళిపోతాను."

గ్రజీనాకు నవ్వాగలేదు. ఈ ముసలాయన నవంబరు చలిలో పన్నెండు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చింది ఇందుకా!

"రెండింటికీ పెళ్ళి సంబంధం చూస్తున్నారా ఏంటి?"

"చుట్టరికం ఎప్పటినుంచో ఉందమ్మా. రెండుని మనం 'ద్వా' అంటాం, వాళ్ళూ 'ద్వా' అనే అంటారు. వ్యాకరణంలో మనకు చందమామ మగవాడు, వాళ్ళకు ఆడది. రొట్టె కూడా అంతే."

"అయితే వాళ్ళ ఊళ్ళో రొట్టె కూడా ముసుగేసుకుని తిరుగుతుంది కాబోలు!"

పక్క బల్ల దగ్గర సిపాయి పకపకా నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

"కుర్రాడు ఏమైనా తింటున్నాడా?"

"ఎక్కడ! ముద్ద ముట్టడంలేదు. పేరు జర్ఘూన్. ఎంతసేపూ అన్న, అన్న అంటాడట. అడవిలో విడిపోయారని ఫోన్లో దుబాసీ చెప్పాడు."

"ఆ అన్న దొరికితే?"

"దొరికిన రోజే సరిహద్దు కంచె అవతలికి పంపేస్తాం. వీడు ముందే శరణు అడిగాడు కాబట్టి విచారణ దాకా ఉంచాం. ఇకమీదట ఎవర్నీ ఉంచొద్దని పైనుంచి ఆర్డరు."

ముసలాయన చంకలోని నోటుబుక్కు తీసి కిటికీలోంచి లోపలికి తోశాడు.

"పోనీ ఇది అతనికి చూపించండి. తప్పులుంటే దిద్దుతాడు. చివరి పేజీ ఒక్కటి చూసినా చాలు."

"పరాయి భాషలో రాసిన కాగితం లోపలికి పోకూడదు. వార్సాలో అనువాదం చేయించి, ముద్ర పడ్డాకే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వారాలు."

"ఇక్కడే ఉంచండమ్మా. మీ మనసు మారొచ్చు."

ఆమె దాన్ని సొరుగులో పడేసింది.

గురువారం మళ్ళీ వచ్చాడు. ఈసారి యాపిల్ కేకు తెచ్చాడు.

"లంచమా?" అంది గ్రజీనా.

"నేనే చేశాను. తాజాగా ఉంది, తినండి."

సిపాయీ, ఆమే టీలోకి నంజుకుని మొత్తం తినేశారు.

"కేకు అద్భుతం. రూలు రూలే," అందామె.

శనివారం ఆయన అడగకముందే ఆమే చెప్పింది.

"వెళ్ళిపోయాడు."

"ఎటు?"

"కంచె అవతలికి. అన్న అటే ఉండిపోయి ఉంటాడట. వెతుక్కుంటాను, పంపించండని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇంతవరకూ తనంతట తాను అటు పోతానన్నవాణ్ణి చూడలేదు బాబూ! కాగితం నేనే టైపు చేశాను. బలవంతమేమీ లేదు, వేలిముద్ర కూడా వేశాడు."

ముసలాయన కిటికీ దగ్గరకి వంగాడు.

"గట్టిగా పిలిస్తే వినపడేంత దూరంలో ఉంటాడా?"

"ఇంకెక్కడి పిలుపు! అవతలివాళ్ళు నిన్ననే లారీలో ఎక్కించుకుపోయారు."

ఆయన మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. నోటుబుక్కు సంగతే అడగలేదు.

"పిచ్చిమాలోకం," అంది గ్రజీనా. అంది గానీ, సొరుగు తెరిచినప్పుడల్లా ఆ పుస్తకం ఆమెకు కంట్లో నలుసులా తగులుతూనే ఉంది. అట్ట మీద చిరునామా ఉంది. రెండు వారాలు చూసి, ఆదివారం చర్చి అయ్యాక కారులో బయలుదేరింది.

అడవి అంచున ఒంటిల్లు. ముసలాయన తలుపు సగమే తెరిచాడు. ఆమెను చూడగానే ముఖం పాలిపోయింది.

"మీ పుస్తకం తెచ్చాను," అంటూ ఆమె అందించబోయింది.

ఆయన చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. గడపకి అటొకరు, ఇటొకరు నిలబడి ఏదైనా ఇచ్చిపుచ్చుకుంటే కీడు. ఎంత గిట్టనివాళ్ళయినా సరే, ఆ వైపు ఆ తప్పు ఎవరూ చెయ్యరు.

అటూ ఇటూ చూసి, తప్పదన్నట్టు పక్కకి జరిగాడు.

"లోపలికి రండి."

వంటిల్లు వెచ్చగా ఉంది. ఆమె పుస్తకం బల్ల మీద పెట్టింది.

"మొన్న ఏదో వేళాకోళం ఆడాను, మనసులో పెట్టుకోకండి. ఇంతకీ ఏ యూనివర్సిటీలో పనిచేశారు మీరు?"

"యూనివర్సిటీ ఏంటమ్మా! నలభై ఏళ్ళు రంపం మిల్లులో పనిచేశాను."

"మరి పష్తో?"

"నెల కిందట ఒక్క ముక్క రాదు."

"ఈ వయసులో ఎవరు నేర్పారు?"

లోపలి గదిలోంచి ఒక నీరసమైన మగగొంతు పరాయి భాషలో ఏదో అడిగింది. ముసలాయన తల దించుకుని, ఆ భాషలోనే ఒక చిన్న మాట చెప్పాడు. తెరిచి ఉన్న తలుపులోంచి మంచం చివర, కట్లు కట్టిన రెండు పాదాలు కనిపించాయి.

గ్రజీనా ఆ తలుపు వైపు రెండడుగులు వేసింది.

"ఏమంటున్నాడు?" అంది.

"రోజూ అడిగేదేనమ్మా. నేనిక్కడే ఉన్నానని తమ్ముడికి చెప్పావా, అని."