నుదురు చూసే సీటు

రాజాం బస్సుల్లో ముసలమ్మలకని ఉంచిన మొదటి సీటు ఇప్పుడు ఎవరి వయసూ అడగదు. ఆడవాళ్లకి వయసు పైబడేకొద్దీ నుదుటి ఎముక లోపలివైపు మందమవుతుంది కాబట్టి, తలుపు దగ్గర అమర్చిన యంత్రపు కన్ను దాన్నే కొలుస్తుంది. అందరిలోకీ మందం ఎక్కువున్నావిడకే సీటు తెరుచుకుంటుంది. ఆవిడ కూర్చునేదాకా బస్సు కదలదు.

ఆ ఉదయం అరవై ఆరేళ్ల సన్యాసమ్మ, వెనకే ఆమె కోడలు ఈశ్వరి ఎక్కారు. సీటు తెరుచుకుంది. అత్త కూర్చోబోతే టక్కున మూసుకుపోయింది. కోడలు దగ్గరికి రాగానే మళ్లీ తెరుచుకుంది.

"నలభై ఏడేళ్లదానివి, నాకంటే మందమేటే నీకు?" అంది సన్యాసమ్మ.

"నాకేటి తెలుసత్తా. నువ్వు నిలబడితే నానెలా కూకుంటాను?"

పెళ్లయినప్పటి నుంచీ అత్త ఎదుట ఈశ్వరి కూర్చున్నది లేదు. బస్సంతా ఎదురుచూస్తోంది. పరీక్షకి టైమైపోతోందని వెనకనుంచి ఎవరో పిల్ల గొణిగింది.

చివరికి సన్యాసమ్మే తన కూరల సంచీ కోడలి చేతికిచ్చింది. "కూకో. ఇది ఒళ్లో ఎట్టుకో."

బస్సు కదిలింది. కమ్మీ పట్టుకుని నిలబడ్డ సన్యాసమ్మ కోడలి నుదుటినే చాలాసేపు చూసింది. తర్వాత బొట్టు చెరగకుండా అక్కడ అరచెయ్యి ఆనించింది. ఇరవై రెండేళ్లలో జ్వరమొచ్చినప్పుడు కూడా వెయ్యని చెయ్యి అది.

"పైకేటీ తెలీడం నేదే," అంది.

"పైకి ఎప్పుడు తెలిసిందత్తా," అంది ఈశ్వరి, సంచీ సర్దుకుంటూ.