చెవిటి సావుకారి

"ఏయ్ సావుకారీ! నా తట్ట తూకం సరిగ్గా చూడప్పా!"

హిందూపురం చింతపండు మండీలో కుళ్ళాయమ్మ గొంతు చించుకుని అరిచింది.

మండీ యజమాని బసవరాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆ?" అన్నాడు.

గింజలు తీస్తున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. రోజూ ఉండే వేడుకే అది.

డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ల కిందట ఒంటరిగా వచ్చి ఈ మండీ పెట్టుకున్నాడు. మిలిటరీలో ఏదో చేసేవాడట, బాంబుల మోతకు చెవులు పోయాయట అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

బేరమాడితే అసలే వినపడదు. అందుకని కొందరికి ఆయన చెవిటివాడు, కొందరికి పిసినారి. కుళ్ళాయమ్మకైతే రెండూనూ.

ఆయనకు వినపడదు కాబట్టి ఆడవాళ్లకు జంకు లేదు. ఆయన కుర్చీ పక్కనే కూర్చుని గింజలు తీస్తూ, ఇంటి గుట్లన్నీ విప్పుకునేవాళ్లు. మధ్యమధ్యలో విసుగు పుడితే ఆయన్నే తిట్టుకునేవాళ్లు.

ఒకరోజు కుళ్ళాయమ్మ తిట్టలేదు. తల వంచుకుని ఏడ్చింది.

"ఏమైందక్కా?" అంది పక్కనున్న నీలావతి.

"మా కల్పనకు ధర్మవరంలో నర్సు కోర్సు సీటొచ్చిండాది. శనివారం లోపల ఫీజు కట్టకపోతే సీటు పోతాదంట. దుడ్లు యాడ తెచ్చేది? ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి పంపిస్తాండా."

"పిల్ల ఏమంటాది?"

"పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టేసింది. అదే నా కడుపు కోస్తాండాది."

"సావుకారిని అడగరాదా?"

"ఈ చెవిటోణ్నా? మండీ అంతా వినేట్టు అరిచి అడుక్కోవల్ల. దానికంటే చచ్చేది మేలు. అయినా ఆ పిడికిట్లో నుంచి ఏమన్నా రాలుతాదా?"

బసవరాజు పేపరు పేజీ తిప్పాడు.

శనివారం కల్పన సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకుందామని ధర్మవరం వెళ్లింది. కాలేజీ గుమాస్తా ఆమె పేరు చూసి నవ్వాడు.

"నీకు మూడేండ్లకూ కట్టేసినారు గదమ్మా! బెంగుళూరాయనంట ఎవరో. పేరు చెప్పలేదు. పోయి క్లాసులో కూర్చో."

ఆ సాయంత్రం కుళ్ళాయమ్మ వీధిలోకి వచ్చి, బెంగుళూరు బస్సు వెళ్లే వైపుకి తిరిగి దండం పెట్టింది.

మర్నాడు మండీలో బసవరాజు ఎదుటే అనేసింది.

"ముఖం తెలీనోడు మమ్మల్ని ఆదుకున్యాడు. ఇన్నేండ్లు ఈయన కాడ పని చేస్తాండా, ఏం లాభం?"

"ఆ?" అన్నాడు బసవరాజు.

"ఏంలేదు సామీ, వాన వచ్చేట్టుండాది అంటాండా!"

మళ్లీ గొల్లున నవ్వారు.

కోర్సు పూర్తయింది. కల్పన హిందూపురంలోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. చేరిన నెలకే, ఒక ఉదయం, బసవరాజు మండీలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్ను మూశాడు.

జనం చేరారు. డ్యూటీ దిగిన కల్పన యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది.

మధ్యాహ్నానికి ఒక పెద్దాయన కారు దిగాడు. బసవరాజు ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. వెనక్కి తిరిగేటప్పుడు కల్పన బ్యాడ్జీ మీద పేరు చూసి ఆగిపోయాడు.

"ధర్మవరంలో చదివిన కల్పనవేనా తల్లీ? నా పేరు జోసెఫ్. నీ ఫీజు కట్టిపోయింది నేనే."

కుళ్ళాయమ్మ ఆయన కాళ్ల మీద పడబోయింది. "ఇన్నాళ్లకు కనపడినావా సామీ!"

జోసెఫ్ గబుక్కున ఆపాడు.

"నేను తెచ్చి కట్టినవాణ్ని, అంతేనమ్మా. డబ్బు ఈయనది. మండీలో ఒకామె కూతురి కోసం ఏడుస్తోంది జోసెఫ్, శనివారం లోపల వెళ్లు, నా పేరు ఎత్తొద్దు అని ఫోన్ చేశారు. మీ హమాలీ మారప్ప గుండె ఆపరేషనూ ఇట్లాగే. రొళ్ల ఊరి బడిలో పిల్లల నీళ్ల బోరూ ఇట్లాగే."

"ఆయనకెట్ల తెలుసు? చెవిటోడు గదా!"

"మీరు అలా అనుకున్నారు. ఆయన దిద్దలేదు. వినపడుతుందని తెలిస్తే నా దగ్గర ఎవరూ మనసు విప్పరు, విప్పినా తల వంచుకుని అడుగుతారు, నాకది వద్దు అనేవారు."

కుళ్ళాయమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

"అయ్యో... ఆయన ముందరే ఎన్నేసి మాటలంటినో!"

"అవీ చెప్పేవారు. చెప్పి తెగ నవ్వేవారు."

కుళ్ళాయమ్మ వెళ్లి బసవరాజు చెవి దగ్గరికి వంగింది. ఈసారి అరవలేదు. మెల్లగా ఏదో చెప్పుకుంది, చాలాసేపు.

కల్పన కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "మిలిటరీలో ఏం చేసేవారు సార్?"

"డెబ్బై ఒకటి యుద్ధంలో మా హెలికాప్టర్ పైలట్ తల్లీ," అన్నాడు జోసెఫ్, "ఇంజిన్ హోరులో, రేడియో గరగరలో, గాయపడ్డవాళ్ల పిలుపు మా అందరికన్నా ముందు ఆయన చెవికే వినపడేది."